పుంగనూరు కారులో కిరసనాయిలు వాసన

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు రిటైర్మెంటు కాగితం పైనుంచి వస్తుంది. షెడ్డులో పనిచేసేవాడికి ఎవరూ ఇవ్వరు. నాకు మాత్రం నా కుడిచెవి ఇచ్చింది. యాభై నాలుగో ఏట మదనపల్లెలోని షెడ్డు ఇంకొకరికి అప్పజెప్పి, పానాల పెట్టె ఒక్కటి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఎందుకు మానేశావని అడిగినవాళ్లకు తలా ఒక కథ చెప్పాను. బెంగుళూరు నుంచి ఒక సేటు వచ్చి, ఈ చేతులతో ఇంక పని చేయొద్దు, అరిగిపోతాయి అని బతిమాలాడని టీ అంగట్లో చెబితే ఇద్దరు నమ్మారు. కథలు అల్లడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న జబ్బు. నేను ట్యూన్ చేసిన కారు కురబలకోట దగ్గర గొర్రెల మందలోంచి పోతే, ఇంజిను చప్పుడు గొర్రెలు మేత నమిలే చప్పుడుకంటే చిన్నదిగా ఉండి ఒక్క గొర్రె కూడా తలెత్తలేదని చెప్పేవాణ్ణి. రామకుప్పం పక్క రాగిచేలో పడిన ఏనుగుల్ని ఒక్క బ్యాక్‌ఫైరుతో అడవిదాకా తోలానని కూడా చెప్పేవాణ్ణి. నిజానికి ఆ రోజు ఏనుగును చూసి మొదట ఆగిపోయింది ఇంజిను, తర్వాత పరుగెత్తింది నేను.

ఈ రాతలో అబద్ధాలు ఆ మూడే. అవి ముందే చెప్పేశాను కాబట్టి ఇంక నమ్మకంగా చదవచ్చు.

రాయబోయేది పాత పెట్రోలు కార్లు ఎందుకు పేలుతాయి, ఆ పేలుడు ఎక్కడిదో ఎలా కనిపెట్టాలి అన్న సంగతి. దాన్ని నేను తప్పుగా కనిపెట్టి ఒక మనిషికి దొంగ అన్న పేరు తెచ్చిపెట్టిన సంగతి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. షెడ్డు ఎప్పుడు పెట్టాను, గోడకు ఏ సర్టిఫికెట్టు తగిలించాను అన్నవి మీకు అక్కరలేదు. మీ కాలానికి కార్బొరేటర్ బండ్లే అరుదు. కంప్యూటరు తగిలిస్తే తప్పెక్కడుందో చెప్పే నంబరు తెర మీద పడుతుంది. అయినా చదవండి. నంబరు చూసి మాట చెప్పేది మళ్లీ మీరే.

ముందు పేలిందా, వెనక పేలిందా

నాకు పని నేర్పింది జబ్బార్ సాబ్. మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు మీద ఆయన షెడ్డు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండేవాడు. సాయంత్రానికి ఆ చొక్కా మీద ఒక్క మరక ఉన్నా, ఆ రోజు పని సరిగ్గా చేయలేదని తనను తానే తిట్టుకునేవాడు. నన్ను తిట్టడానికి మాత్రం మరకలతో పని లేదు.

పేలుతున్న కారు వస్తే ఆయన బానెట్ ఎత్తనిచ్చేవాడు కాదు. నన్ను కారు పక్కన నడిమధ్య నిలబెట్టి, "కండ్లు మూసుకో. ముందర పేలిందా, ఎనక పేలిందా చెప్పు. తెలీకపోతే తెలీదను. అందాజుగా చెప్తివంటే చెవి మెలిపెడ్తా" అనేవాడు.

విషయం ఇంతే. ఇంజినులో పెట్రోలూ గాలీ కలిసి మండేది తలుపులన్నీ మూసిన గదిలో. మంట ఇంకా ఆరకముందే గాలి లోపలికి వచ్చే తలుపు తెరుచుకుంటే, అది ఆ దారినే వెనక్కి తన్ని, పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్ మూతి దగ్గర టప్‌మంటుంది. కాలకుండా మిగిలిపోయిన పెట్రోలు బయటికి పోయి వేడి సైలెన్సరులో అంటుకుంటే బండి తోక దగ్గర ఢాంమంటుంది. రెండింటినీ జనం ఒకే పేరుతో బ్యాక్‌ఫైర్ అంటారు. రోగాలు మాత్రం చాలావరకు ఎదురెదురువి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే మంట నిదానంగా కాలుతుంది, ముందర పేలుతుంది. పెట్రోలు ఎక్కువైతేనో, ప్లగ్గు సరిగ్గా అంటించకపోతేనో వెనక పేలుతుంది. టైమింగు తప్పినా, ప్లగ్గు వైర్లు ఒకదాని చోట ఒకటి తగిలించినా ఎటైనా పేలవచ్చు. అందుకే మొదట చోటు తెలియాలి.

రెండో పని, బండి నడిపేవాణ్ణి అడగడం. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? గుట్ట ఎక్కేటప్పుడా, ఆక్సిలేటర్ మీదినుంచి కాలు తీసినప్పుడా? చోక్ లాగితే ఏమవుతోంది? డ్రైవరు రోజంతా ఆ ఇంజినుతో కాపురం చేసేవాడు. మనం పది నిమిషాల చుట్టం. ఈ ప్రశ్నలన్నీ అయ్యాకే జబ్బార్ సాబ్ పానా అడిగేవాడు.

ఆయన దగ్గర పదకొండేళ్లు ఉన్నాను. చోటు కనిపెట్టడంలో ఆయనను దాటిపోయానని ఊరంతా అంది. నేనూ అన్నాను, ఊరికంటే కొంచెం గట్టిగా.

ఎవురిది తప్పు?

మా వైపు ఒక అలవాటు ఉంది. పుంగనూరైనా కుప్పమైనా కారు ఉన్న ఆసామి వేరు, దాన్ని నడిపే డ్రైవరు వేరు. బండి చెడిపోతే ఇద్దరూ కలిసి మెకానిక్ ముందు నిలబడతారు. ఆసామి మొదట అడిగేది ఏమి పోయిందని కాదు. "ఎవురిది తప్పు?" అని అడుగుతాడు. బండి ముసలిదై పోయిందా, వీడు పోగొట్టాడా అని. మెకానిక్ చెప్పిందే తీర్పు. దాని మీద ఇంకో కోర్టు లేదు.

జబ్బార్ సాబ్ ఆ ప్రశ్నకు ఎన్నడూ జవాబు చెప్పలేదు. "నాకు ఇనుము గురించి తెలుసప్పా, మనుషుల గురించి తెలీదు" అని లోపలికి పోయేవాడు. అది చేతకానితనమని అప్పట్లో అనుకునేవాణ్ణి.

నాకు ఆ తీర్పు చెప్పడమంటే ఇష్టం. చుట్టూ నలుగురు చేరతారు. బానెట్ మీద చేయి ఆనించి, కొంచెంసేపు మాట్లాడకుండా ఉండి, ఒక కథలాగా ఎత్తుకుంటాను. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు తెలుసు. నా తీర్పుల్లో చాలామటుకు నిజాలే. కానీ జనం నమ్మింది నిజం కాబట్టి కాదు, నేను చెప్పిన తీరుకు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెబుతాను. బండి మళ్లీ ఏ షెడ్డుకు పోవాలో నిర్ణయించేది ఆసామి. ఈ లెక్క మనసులో పెట్టుకోకుండా మాట చెప్పే మెకానిక్కులను నేను ఇద్దరినే చూశాను. ఆ ఇద్దరిలో నేను లేను.

పాలకేంద్రం ముందర

పుంగనూరులో రెడ్డెప్పకు పాలకేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే జనం క్యాన్లతో వచ్చి వరుసలో నిలబడతారు. వాళ్ల నాయన వదిలిపోయిన తెల్ల అంబాసిడర్ ఒకటి ఆయన దగ్గర ఉంది. దాన్ని అమ్మడు, మార్చడు. నడిపేది మునెప్ప. కుప్పం పక్కనున్న పల్లె నుంచి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా పుంగనూరులోనే ఆ స్టీరింగు పట్టుకున్న మనిషి. మాటలు తక్కువ. పొద్దున కారు తుడిచేటప్పుడు తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడడని, అప్పుడూ కారుతోనేనని ఎగతాళి చేసేవాళ్లు.

ఒక రోజు పొద్దున రెడ్డెప్ప ఫోన్ చేశాడు. కారు పేలుతోందని, ఈ మధ్య పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోందని, వెంటనే రమ్మని. పెట్టె తీసుకుని బస్సెక్కి పోయాను.

పాలకేంద్రం ముందర కారు నిలబెట్టి ఉంది. వెనకభాగం గోడవైపు, మూతి రోడ్డువైపు. ఇరవైమంది దాకా వరుసలో ఉన్నారు. రెడ్డెప్ప బల్ల దగ్గర కూర్చుని పాలు కొలిపిస్తున్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"రాప్పా రమణప్పా. ఈ బండి ఏమైందో సూడు. దీని మీద నాకు ఒక అనుమానం ఉండాది. నువ్వు సూసినాక చెప్తా."

ఆ మాట అంటూ మునెప్ప వైపు ఒకసారి చూశాడు.

మునెప్ప బండి స్టార్ట్ చేశాడు. వేడెక్కేదాకా ఆగాం. ఆక్సిలేటర్ తొక్కగానే పేలింది. రెండోసారి, మూడోసారి. వెనక పేలినట్టు వినిపించింది నాకు.

"మేస్త్రీ, చోక్ సగం లాగితే తగ్గుతాండాది" అన్నాడు మునెప్ప కిటికీలోంచి. "పది దినాలుగా అట్లే నడుపుతాండా."

ఆ ఒక్క మాటలో రోగం మొత్తం ఉంది. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పెరుగుతుంది. అప్పుడు పేలడం తగ్గిందంటే ఇంజిను ఎక్కడో అదనంగా గాలి పీలుస్తోందని అర్థం. అంటే ముందర పేలుతోందన్నమాట. పెట్రోలు ఎక్కువ తాగడానికి కూడా సగం లాగిన ఆ చోకే కారణం. జబ్బార్ సాబ్ అయితే అక్కడే పానా అందుకునేవాడు.

నేను మాత్రం, "సర్లే, నువ్వు బండాపి కిందికి దిగు" అన్నాను.

ఎయిర్ ఫిల్టరు విప్పి కార్బొరేటర్ మూతి చూడలేదు. ప్లగ్గులు విప్పాను. నల్లగా మసిపట్టి ఉన్నాయి. పది రోజులు చోక్ లాగి నడిపితే ఎవరి ప్లగ్గులైనా నల్లబడతాయి. వాటిని నాతో తెచ్చుకున్న కిరసనాయిలు రేకు డబ్బాలో కడిగాను. చేతులు గుడ్డకు తుడుచుకున్నాను. తర్వాత పెట్రోలు పైపు విప్పి, నాలుగు చుక్కలు అరచేతిలోకి పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

వరుసలో ఉన్నవాళ్లు క్యాన్లు కింద పెట్టి చూస్తున్నారు. నేను కొంచెంసేపు మాట్లాడలేదు. ఆ కొంచెంసేపు ఎంత ఉండాలో నాకు తెలుసు.

"రెడ్డెప్పా, బండికి ఏ రోగమూ లేదు. దానికి పెట్టే తిండిలో ఉండాది రోగం. పెట్రోల్లో కిరసనాయిలు కలిసుండాది."

రెడ్డెప్ప బల్ల మీద చరిచాడు. "నేను అనుకుంటానే ఉండా! పెట్రోలు అమ్ముకోని కిరసనాయిలు పోస్తాండాడు వీడు. నా అనుమానం ఇదే!"

"అప్పా, నేనట్ల చేసేవాణ్ణా?" అన్నాడు మునెప్ప.  "పద్దెనిమిదేండ్లప్పా."

"మేస్త్రీ వాసన సూసి చెప్తాండాడు గదా! ఆయప్పకేమన్నా నీ మీద పగా?"

వరుసలోంచి ఒక ముసలామె, "అందుకేనేమో కారుతో గుసగుసలాడేది, యాడా చెప్పొద్దని" అంది. నవ్వారు. నేను కూడా నవ్వాను.

మునెప్ప జేబులోంచి తాళంచెవి తీసి పాలబల్ల మీద పెట్టాడు. తుడిచే గుడ్డ మడతపెట్టి కారు సీటు మీద పెట్టాడు. నా వైపు ఒకసారి చూసి బస్టాండు వైపు నడిచిపోయాడు. నేను ట్యాంకు ఖాళీ చేయించి, కొత్త పెట్రోలు పోయించి, ప్లగ్గులు బిగించాను. చల్లబడిన ఇంజినును చోక్ లాగి స్టార్ట్ చేస్తే అప్పటికి పేలలేదు. రెడ్డెప్ప నన్ను కూర్చోబెట్టి టిఫిను తెప్పించాడు.

పెళ్లిపత్రిక

నెల తిరక్కుండానే రెడ్డెప్ప కారు తానే నడుపుకుంటూ మదనపల్లెకు నా షెడ్డుకు వచ్చాడు. దారి పొడుగునా పేలిందట. పెట్రోలు ప్రతిసారీ బంకులో దగ్గరుండి పోయించుకున్నది ఆయనే. ఇంక కిరసనాయిలు మాట ఎత్తడానికి దారి లేదు.

అప్పటికి జబ్బార్ సాబ్ ముసలివాడై పని మానేశాడు. పొద్దున పూట నా షెడ్డుకు వచ్చి కుర్చీలో కూర్చుని, నా పని చూసి విసుక్కోవడం ఆయన కాలక్షేపం. ఆ రోజూ ఉన్నాడు.

నేను కారు చుట్టూ రెండుసార్లు తిరిగాను. వెనక నిలబడి విన్నాను. బానెట్ పక్కన నిలబడి విన్నాను. ఎక్కడ నిలబడినా చప్పుడు నా ఎడమ పక్కనుంచే వస్తోంది. జబ్బార్ సాబ్ నన్నే చూస్తూ ఉన్నాడు.

"ఏమిరా, యాడ పేలుతాండాది?"

"ఎనక సాబ్."

"ఫిల్టరు ఇప్పు."

విప్పాను. ఆయన లేచి వచ్చి, రెడ్డెప్పను ఆక్సిలేటర్ తొక్కమన్నాడు. కార్బొరేటర్ మూతిలోంచి పెట్రోలు ఆవిరి బుస్సుమని పైకి చిమ్మింది. నా కళ్లముందే. ఆయన అరచేతిని ఆ మూతి మీద సగం కప్పాడు. ఇంజిను వణుకు తగ్గి నున్నగా తిరిగింది. చేయి తీశాడు, మళ్లీ టప్ టప్‌మంది. నూనెడబ్బా అడిగి కార్బొరేటర్ అడుగున చుట్టూ చుక్కలు వేశాడు. ఒకచోట చుక్క పడగానే చప్పుడు మారింది. ఆ నూనె చుక్క లోపలికి జారిపోయింది.

"ఈడ గాలి పీలుస్తాండాది. ప్యాకింగు పోయింది. ఇది ఎనకనా?"

 ఆయన నా కుడిచెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. నాకు వినిపించలేదు. ఎడమ పక్కకు వచ్చి మళ్లీ అన్నాడు.

"ఎన్నాళ్లనుంచి రా?"

రెండు మూడేళ్లుగా తెలుసు నాకు. చెవి పక్కనే ఏళ్ల తరబడి పేలిన ఇంజిన్లు ఆ చెవిని కొంచెం కొంచెంగా తీసుకుపోయాయి. ఒక చెవితో చప్పుడు వినపడుతుంది కానీ చోటు తెలియదు. ఈ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. రమణప్ప చెవి అంటే మూడు ఊళ్లలో పేరు. ఆ పేరు పోతుందని, చోటు తెలియనప్పుడల్లా కథ చెప్పి నెట్టుకొచ్చాను.

కార్బొరేటర్ విప్పితే అడుగున, సందులోంచి గాలి దూరకుండా వేసే ప్యాకింగు ఎండి, ముడుచుకుపోయి ఒక పక్క చిరిగి ఉంది. అట్టముక్కలోంచి కోసింది. తిప్పి చూస్తే దాని మీద బంగారు రంగు అక్షరాలు, "శుభలేఖ" అన్న మాటలో సగం. పాత బండికి ప్యాకింగు అంగళ్లలో దొరక్క, ఆ వేసవిలో సర్వీసుకు వచ్చినప్పుడు మా బావమరిది పెళ్లిపత్రికను కత్తిరించి వేసింది నేనే. అట్ట నిగనిగలాడుతూ అందంగా ఉందని వేశాను. ఇంజిను వేడికి నిలబడే అట్ట కాదది.

జబ్బార్ సాబ్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఈ పెండ్లికి నువ్వే పోయినావు గదరా. భోజనం బాగుండెనా?"

నాకు నవ్వు రాలేదు. రెడ్డెప్ప కారు దిగి వచ్చాడు. "మరి ఆ కిరసనాయిలు? వాసన వచ్చిందంటివే?"

 జబ్బార్ సాబ్ నా కుడిచేయి పట్టుకుని, నా ముక్కు దగ్గరే పెట్టాడు. పొద్దుటి నుంచి ప్లగ్గులు కడుగుతున్న చేయి అది. ఆ చేతిలో నీళ్లు పట్టి చూసినా కిరసనాయిలు వాసనే వస్తుంది.

"ఈ వాసనకేనా ఆ మనిషిని ఇంటికి పంపించింది?" అన్నాడు. ఆ తర్వాత నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం మంచి ప్యాకింగు షీటు తెప్పించి, కొలత తీసి కోసి, బిగించాను. కారు నిశ్శబ్దంగా పుంగనూరు పోయింది. పోతూ పోతూ రెడ్డెప్ప, "అయిందేదో అయింది. ఈ మాట ఇంక ఎందుకప్పా, యాల ఎత్తడం" అన్నాడు. ఆయనకూ అదే సుఖం, నాకూ అదే సుఖం. మూడు రోజులు ఆ సుఖంలోనే ఉన్నాను. నాలుగో రోజు ఒక డ్రైవరు షెడ్డుకు వచ్చి, నన్ను మెచ్చుకోబోయి, "పుంగనూరులో కిరసనాయిలు దొంగను వాసనతోనే పట్టుకున్నావంట గదా మేస్త్రీ" అన్నాడు. మరుసటి రోజు కుప్పం బస్సెక్కాను.

కుప్పంలో

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. మునెప్ప పట్టుగూళ్ల సంతలో మూటలు మోస్తున్నాడని చెప్పారు. ఇంటికి పోతే ముందు ఆయన భార్య కనిపించింది. నేనెవరో చెప్పాను.

"ఓహో, ఆ వాసన మేస్త్రీవా?" అంది. "ఈడ ఎవురూ తాళం చేతికియ్యడం లేదు మా ఇంటాయనకు. వ్యాన్లున్నోళ్లు పుంగనూరుకు ఫోన్ చేస్తాండారు. ఫోన్ చేసినాక మళ్లా రావద్దంటాండారు. ఇంకేం వాసన సూసేకి వచ్చినావు?"

మునెప్ప వచ్చాడు. భుజం మీద గోనెపట్ట అలాగే ఉంది. గడపలోనే కూర్చున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. చెవి సంగతి, చేతి సంగతి, పెళ్లిపత్రిక సంగతి. ఆయన చోక్ గురించి చెప్పిన మాట వినకుండా తోసేసిన సంగతి కూడా.

మునెప్ప గోనెపట్ట తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "నేను దొంగను కాదని నాకు దెల్సు మేస్త్రీ. మా యింటామెకూ దెల్సు. ఈడికొచ్చి మాకు చెప్తే ఏం లాభం?" అన్నాడు.

"ఇంకేం చేయమంటావు చెప్పు."

"యాడ చెప్పినావో ఆడ చెప్పు. పాలు పోసేటప్పుడు. అందురూ ఉన్నెప్పుడు."

ఆయన భార్య లోపలినుంచి, "చెప్పడులే. ఆ మాట చెప్తే ఈయప్ప అంగడి మూసుకోవాల్సిందే" అంది.

ఆమె అన్నది సరిగ్గా నా మనసులో ఉన్న మాటే. అయినా ఎల్లుండి పొద్దున పుంగనూరు బస్టాండుకు రమ్మని మునెప్పకు చెప్పి వచ్చాను.

అదే వరుస

రెండు రోజుల తర్వాత పొద్దున నేనూ మునెప్పా పుంగనూరు బస్టాండులో కలుసుకుని పాలకేంద్రానికి నడిచాం. మునెప్ప ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. లైసెన్సు ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో పెట్టుకున్నాడు. వరుస అలాగే ఉంది. కారు అక్కడే ఉంది. రెడ్డెప్ప మమ్మల్ని చూసి మొహం అదోలా పెట్టాడు.

"అందురూ వినండి" అన్నాను. "ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. పెట్రోల్లో కిరసనాయిలు లేదు. కిరసనాయిలు నా చేతికి ఉండాది. బండి పేలింది నేను వేసిన ప్యాకింగు వల్ల. ఎటు పక్క పేలిందో నాకు తెలీలేదు. నా కుడిచెవి వినపడదు."

 ఆ రోజు నవ్వించిన ముసలామే మొదలుపెట్టింది. "సూడండమ్మా, ఈయప్పకు చెవుడంట! మొన్న ఏనుగుల్ని తోలినాడు, ఈ పొద్దు చెవిటోడైనాడు. రేపు ఏం కత చెప్తాడో!"

వరుసంతా నవ్వింది. ఇద్దరు చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి నలుగురిలో నిజం చెబితే అది నా కథల్లో ఒకటైపోయింది. పక్కన మునెప్ప తల దించుకున్నాడు. అంతకుముందు ఆయన పేరు పోయింది నా మాటతో. ఇప్పుడు దాన్ని తిరిగి ఇవ్వడానికి నా మాటకు బలం లేదు.

అప్పుడు కారు దగ్గరికి పోయి బానెట్ ఎత్తాను. కొత్త ప్యాకింగు తీసి, జేబులో ఉన్న పెళ్లిపత్రిక ముక్కను మళ్లీ వేసి బిగించాను. రెడ్డెప్పను స్టార్ట్ చేయమన్నాను. ఆయన కదల్లేదు. "యాలప్పా ఇదంతా" అన్నాడు. నేనే స్టార్ట్ చేశాను. వేడెక్కేదాకా ఆగాను. ఆక్సిలేటర్ తొక్కితే అదే టప్, అదే చప్పుడు. దిగి వచ్చి ఆక్సిలేటర్ కడ్డీని చేత్తో లాగుతూ, ముసలామెను పిలిచి ఫిల్టరు లేని కార్బొరేటర్ మూతి చూపించాను. బుస్సుమని చిమ్మేసరికి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అరచేత్తో సగం కప్పి చూపించాను, చప్పుడు ఆగింది. చివరికి అట్టముక్క విప్పి చేతికిచ్చాను. ఆమె చదువుకున్న మనిషి కాదు, పక్కనున్నాయన చదివాడు. "పెండ్లిపత్రికే" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏళ్ల తరబడి కిరసనాయిల్లో నానిన నా చేయి కూడా చాచాను. ఇద్దరు వాసన చూశారు. మొహం తిప్పుకున్నారు.

మంచి ప్యాకింగు మళ్లీ వేసి బిగించాక రెడ్డెప్ప లేచి వచ్చాడు. తాళంచెవి మునెప్ప చేతిలో పెట్టి, "తప్పయిపోయింది మునెప్పా. బండి నీదే అనుకో" అన్నాడు.

మునెప్ప కారెక్కి, రోడ్డు చివరిదాకా పోయి తిప్పుకుని వచ్చాడు. ఒక్కసారి కూడా పేలలేదు. దిగి, తాళంచెవి పాలబల్ల మీద పెట్టాడు.

"బండి బాగుండాదప్పా. ఇంకెవురికన్నా ఇయ్యి" అన్నాడు.

బస్టాండుదాకా ఆయన పక్కన నడిచాను. నాకు తేలిగ్గా ఉంది. పెద్ద పని చేసినట్టు కూడా ఉంది. బస్సు కోసం నిలబడి ఉండగా మునెప్ప అడిగాడు.

"మేస్త్రీ, ఒక మాట. చేతికి కిరసనాయిలు ఉండాదని తెలీక వాసన సూస్తివి, సరే. చెవి వినపళ్లేదు, అదీ సరే. కానీ వాసన సూడకముందే ఒకతూరి రెడ్డెప్ప తట్టు సూస్తివి, ఇంకోతూరి నా తట్టు సూస్తివి. నేను పక్కన నిలబడి సూస్తానే ఉండా. యాల సూస్తివి?"

జవాబు నాకు తెలుసు. అనుమానం ఉంది, తర్వాత చెబుతా అని రెడ్డెప్ప అన్నప్పుడే అదేమిటో నాకు అర్థమైంది. చోటు నాకు తెలియలేదు. తెలియదనడానికి నోరు రాలేదు. ఎదురుగా రెడ్డెప్ప మొహంలో ఒక జవాబు రాసి ఉంది. దాన్నే చదివి చెప్పాను. వాసన ఆ తర్వాత వచ్చింది.

ఆ మాట మునెప్పకు చెప్పాను.

 "ఇది ఆడ చెప్పలేదే నువ్వు" అన్నాడు.

కుప్పం బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు వి.కోటలో ఎవరిదో కూరగాయల వ్యాన్ నడుపుతున్నాడని విన్నాను. నేను ఆ నెలలోనే షెడ్డు వదిలేశాను.

చెవి పోవడం తప్పు కాదు. పాత అట్ట వేయడం తప్పే, కానీ దిద్దుకోగల తప్పు. ఆ రోజు పాలకేంద్రం ముందర నేను ఇంజిను వైపు కాక ఆసామి మొహం వైపు చూసి తీర్పు చెప్పాను. ఆ ఒక్క సంగతి ఆ వరుసలో చెప్పకుండా వచ్చేశాను. ఇక్కడ చెబుతున్నాను.